తడి కండువా కింద బేరం

"ఎవరికీ చెప్పలేదుగా?"

"చెప్పలేదండీ. చెప్పను కూడా. కళ్ళు మూసుకుని పడుకోండి."

మా ఆయనా నేనూ ఆఖరుసారి మాట్లాడుకున్న మాటలు ఇవే. పొద్దున్నే బెజవాడ ఆసుపత్రికి బయల్దేరాం. మా అబ్బాయి కారు నడుపుతున్నాడు. వెనక సీట్లో ఆయన తల నా ఒళ్ళో ఉంది, నా చేతిలో నిమ్మకాయ ఉంది. ఆ నిమ్మకాయ నా కోసమేనని మా అబ్బాయి అనుకున్నాడు. (వాడే కాదు, మా చుట్టాలందరూ అలాగే అనుకుంటారు.) ఆయన నా మాట నమ్మి కళ్ళు మూసుకున్నారు. ఆ తర్వాత ఆసుపత్రిలో నాలుగు రోజులున్నారు గానీ మాట్లాడలేదు. అంతకాలం కాపురం చేసిన మొగుడూ పెళ్ళాలు ఆఖరి మాటగా దేవుడి గురించో, పిల్లల గురించో, పొలం గురించో మాట్లాడుకుంటారని అందరూ అనుకుంటారు. మేం మాట్లాడుకున్నది ఒక వాంతి గురించి.

ఇది నేను చెప్తుంటే మా మనవరాలు రాస్తోంది. నాకు సంతకం వచ్చు, బస్సు మీద ఊరి పేరు కూడబలుక్కోవడం వచ్చు, అంతకు మించి రాదు. ఇన్నేళ్ళు కడుపులో దాచుకున్నదాన్ని ఇప్పుడెందుకు కక్కుతున్నావు అంటారేమో (చూశారా, నా నోటికి ఆ మాటే వస్తుంది). మొన్న మా తమ్ముడి మనవరాలి ఓణీల ఫంక్షనుకి వెళ్తూ కారెక్కాను. ఎక్కీ ఎక్కగానే ఒకరు నా చేతిలో ప్లాస్టిక్ కవరు పెట్టారు, ఇంకొకరు నిమ్మకాయ పెట్టారు, మూడోవాడు "నిమ్మకాయ నానమ్మ ఎక్కింది, అద్దాలు దించండ్రా" అని అరిచాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. కానీ కారు ఇంటి మలుపు తిరిగేసరికి నాకు కోపం వచ్చింది. కారులో నేను వాంతి చేసుకోగా చూసినవాడెవడో చెప్పమనండి. ఎవడూ లేడు, ఎందుకంటే కారులో నేను ఏనాడూ వాంతి చేసుకోలేదు.

ఆ రోజుల్లో కారు కొనడమంటే ఇప్పటిలా ఫోనులో రంగు చూసుకుని వేలితో నొక్కడం కాదు. మా మెట్ట ఊళ్ళల్లో కారంటే డాక్టరుగారిది, నూనెమిల్లు వాళ్ళది, లేకపోతే ఓట్లప్పుడు దుమ్ము లేపుకుంటూ వచ్చి పోయేది. వ్యవసాయం చేసుకునేవాడు కారు కొంటానంటే వాడికి మతి పోయిందని చెప్పి నాడి చూసేవాళ్ళు. అలాంటిది ఎనభైల్లో మాకు వరసగా రెండేళ్ళు పత్తి విరగకాసింది. ఊళ్ళో చేతిలో నాలుగు రాళ్ళు ఆడినవాళ్ళంతా లారీలు కొని ముక్త్యాల వైపు సిమెంటు ఫ్యాక్టరీకి తిప్పుతున్నారు. మనం కూడా లారీ కొందామని మా అత్తగారు. మా ఆయనేమో బెజవాడ వెళ్ళినప్పుడు కొత్త రకం కారొకటి చూసి వచ్చారు. మరీ గొప్పదీ కాదు, మరీ అల్పమైనదీ కాదు. నాలుగు తలుపులు, వెనక డిక్కీ, ఒక సంసారం ఇరుక్కోకుండా కూర్చునేంత చోటు. దాని పేరు ఇక్కడెందుకులెండి. ఆయన దాని గురించి ఇంట్లో ఎవరితోనూ అనలేదు. అన్నం తింటూ తింటూ మాత్రం "లారీలో ఆడవాళ్ళు కూర్చోలేరుగా" అని కంచంతో అన్నారు. నాకు వినపడింది.

ఇక్కడ నా సంగతి చెప్పాలి. నాకు బస్సు పడదు. జగ్గయ్యపేట నా పుట్టిల్లు, నందిగామ పక్కన పల్లె నా అత్తిల్లు, మధ్యలో ఉన్నది ముప్ఫై కిలోమీటర్లు. ఆ దారిలో నేను వాంతి చేసుకోని మైలురాయి లేదు. ఎర్రబస్సు కండక్టరు నన్ను చూడగానే టిక్కెట్టు కంటే ముందు కిటికీ చూపించేవాడు. నా వెనక వరసల వాళ్ళకి "తలలు లోపల పెట్టుకోండమ్మా, పేట అమ్మాయి ఎక్కింది" అని చెప్పేవాడు. పెళ్ళైన మూడోరోజు పెళ్ళివారి బస్సు దిగి అత్తారింటి గుమ్మం ముందు నిలబడ్డాను. మా అత్తగారు హారతి పళ్ళెం పట్టుకుని ఎదురొచ్చారు. ఆవిడ కొత్త చీర గతి ఏమైందో నేను చెప్పక్కర్లేదు. మూడు రోజులకే కోడలికి వాంతులేమిటని ఊళ్ళో ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని వేళ్ళు లెక్కపెట్టారు. మా అబ్బాయి పుట్టడానికి మరో రెండేళ్ళు పట్టింది. అప్పుడుగానీ మా అత్తగారు ఊళ్ళో తలెత్తుకుని తిరగలేదు.

అందుకని పుట్టింటికి వెళ్ళాలంటే నాకు ఎడ్లబండే గతి. పనుల రోజుల్లో నా కోసం ఎడ్లనెవరు విప్పుతారు? పనుల్లేని రోజుల్లో వానలు. అలా మూడేళ్ళు పుట్టింటి గడప తొక్కలేదు. మా అమ్మే జాడీలో మాగాయ పెట్టుకుని బస్సులో వచ్చి చూసి పోయేది. మా తమ్ముడికి కొడుకు పుట్టాడు, బోర్లాపడ్డాడు, పళ్ళొచ్చాయి, నడక కూడా వచ్చిందని కబురొచ్చింది. వాడి మొహం ఎలా ఉంటుందో నేనింకా చూడలేదు. అందుకని ఆయన కంచంతో ఆ మాట అన్న రోజు నుంచి నేను కారు కోసం మొక్కని దేవుడు లేడు.

మా ఆయన ఎడ్లను చూడటంలో గట్టివాడు. చుట్టుపక్కల ఎవరు సంతకి వెళ్ళినా ఆయన్ని వెంటబెట్టుకుని వెళ్ళేవాళ్ళు. పళ్ళు చూసి వయసు చెప్పేవారు, సుడి చూసి గుణం చెప్పేవారు, నాలుగడుగులు నడిపించి ఏ కాలు ఎప్పుడు బెణికిందో చెప్పేవారు. ఆయన "ఇది మంచిది" అంటే ఇక రెండోమాట ఉండేది కాదు. సంతలో ఆయన మాటకి కాగితాలు అడిగినవాడు లేడు. అలాంటి మనిషి ముందు కారు పెట్టుకుని అమ్ముదామని బెజవాడ కంపెనీ మనిషొకాయన ఒకరోజు మా ఊరు వచ్చాడు. ఎండలో టై కట్టుకుని వచ్చాడు కాబట్టి మా అత్తగారు ఆయనకి టైబాబు అని పేరు పెట్టారు. కొత్త కారు, సీట్లకి కప్పిన ప్లాస్టిక్ కూడా తియ్యలేదు. ఊరంతా మా అరుగు మీదే ఉంది.

మా ఆయన ముందు దూరంగా వెళ్ళి, కళ్ళు చికిలించి, కారు నిలబడే తీరు చూశారు. "నిలకడ బాగుంది. ఎనకభాగం కాస్త బరువు, ఈనిన గేదెలాగా" అన్నారు. దగ్గరికొచ్చి అరచేత్తో దాని వీపు నిమిరారు. వంగి నాలుగు టైర్లనూ గిట్టలు చూసినట్టు చూశారు. తర్వాత ఎదురుగా నిలబడి, "నోరు తెరువు" అన్నారు. టైబాబు తననే అన్నారనుకుని నోరు తెరిచాడు. "నీది కాదయ్యా, దీనిది" అన్నారు. బానెట్టు ఎత్తాక తల లోపల పెట్టి వాసన చూశారు. ఇంజను స్టార్టు చేయించి, కళ్ళు మూసుకుని, రేకు మీద చెయ్యి వేసి చాలాసేపు విన్నారు.

"దమ్ముంది. ఆయాసం లేదు. మేతెంత తింటది?"

"సార్?"

"పెట్రోలయ్యా."

"చాలా తక్కువండీ! మీరు ఒకసారి నడిపి చూడండి సార్, వదిలిపెట్టరు."

"నాకు మోటారుసైకిలే గానీ కారు తోలడం రాదు. అయినా తోలేవాడికి ఏం తెలుస్తది? ఎనక కూర్చున్నోళ్ళనడగాలి బండెట్టాంటిదో."

మా అత్తగారు అరుగు మీద నుంచే, "ఎన్ని చూసినా అది ఇంట్లో కూకుని తినేదేగా! లారీ అయితే తిరిగి సంపాదించుకొస్తది. ఇదేం చేసుద్ది?" అన్నారు.

అప్పుడు మా ఆయన నేను నిలబడ్డ తలుపు వైపు చూసి, ఆ పదిమందిలో అనేశారు: "ఇది మంచిదో కాదో మా ఇంటిది చెప్పుద్ది. దీన్ని ఎక్కించుకుని పేట దాకా పోయొస్తాం. దీనికి వాంతి కాకపోతే కారు. అయిందా, లారీ. మాటంటే మాటే."

అరుగు మీద వాళ్ళంతా నా నోటి వైపు చూశారు. నాకు అక్కడే, తలుపు పట్టుకుని నిలబడ్డచోటే, కడుపులో తిప్పింది.

సరే, ఉన్నపళంగా బయల్దేరిపోదాం, పొద్దుట్నుంచి ఏమీ తినలేదు కాబట్టి బయటపడతాను అనుకుంటున్నాను. అంతలో మా అత్తగారు నడుముకి కొంగు దోపుకుని లేచారు. "ఖాళీ కడుపుతో పరీక్షేంట్రా? బండి మీద బస్తాలెయ్యకుండా ఎడ్లని చూస్తావా నువ్వు?" అన్నారు. ఆ మాటకి మా ఆయన ఆలోచించి, "అదీ నిజమేనే" అన్నారు. ఇక చూడండి. మినపగారెలు, కోడికూర, గోంగూర, ముద్దపప్పు, దాని మీద నెయ్యి, గడ్డపెరుగు. పెళ్ళైనప్పటి నుంచి ఆవిడ నాకు అంత ప్రేమగా ఎప్పుడూ వడ్డించలేదు. "ఇంకో గారె ఏసుకో అమ్మాయ్, దూరప్రయాణం" అంటారు. "పేటకేగా అత్తయ్యా" అంటాను. "అయినా సరే" అని కూరలో ముంచి మరీ వేస్తారు. కోడికూర ముక్క నమలడం నాకు అంత కష్టం ఇంకెప్పుడూ కాలేదు. మా ఆయన న్యాయం తెలిసిన మనిషి కదా, "దాన్నొక్కదాన్నే నింపితే ఎట్టా? బండికి రెండైపులా బరువు సమంగా ఉండాల" అని నా పక్కనే కూర్చుని నాకంటే ఎక్కువ తిన్నారు. ఆయన తిన్నవి తొమ్మిది గారెలు. నేను లెక్కపెట్టాను. ఆ లెక్క తర్వాత పనికొస్తుందని అప్పుడు నాకు తెలియదు.

నేను రొంటిన ఒక నిమ్మకాయ దోపుకుని కారెక్కాను. ముందు సీటు పెద్దవాళ్ళది కాబట్టి మా అత్తగారు ఎక్కారు. టైబాబు నడుపుతున్నాడు. వెనక మేమిద్దరం; మా అబ్బాయి బడికి వెళ్ళాడు. గాలి తగలగానే మా అత్తగారు అనాసాగరం దాటకముందే గుర్రు పెట్టి నిద్రపోయారు. మా ఆయన మాత్రం పరీక్షలో ఉన్నారు. తలుపుకి వీపు ఆనించి, ఒక కాలు సీటు మీదకి మడుచుకుని, రోడ్డుకి అడ్డంగా నా వైపు తిరిగి కూర్చున్నారు. రెప్ప వెయ్యకుండా నా మొహమే చూస్తున్నారు.

"నాలిక చూపించు."

"ఏవండీ, ఆయన అద్దంలోంచి చూస్తున్నారు."

"చూడనీ. చూపించు... ఊఁ, బాగానే ఉంది. చెమటేమన్నా పట్టిందా?"

"లేదండీ."

"కళ్ళు పెద్దవి చెయ్యి... తేటగానే ఉన్నాయి. డోకొచ్చే ముందు చెప్పు, మాట్లాడకుండా కూకోమాకు."

నిజం చెప్పాలంటే నాకు ఏమీ కాలేదు. ఎందుకో తెలుసా? బస్సులో నాకెప్పుడూ రోడ్డు కనపడలేదు. ముందు సీటు రేకో, నిలబడ్డవాళ్ళ నడుమో కనపడేది. ఇక్కడ ముందు సీట్ల మధ్యలోంచి చూస్తే రోడ్డంతా నాదే. చాప పరుస్తున్నట్టు నల్లగా, తిన్నగా వచ్చి నా కాళ్ళ కిందకి పోతోంది. నవాబుపేట దాటేసరికి నేను నవ్వుతున్నాను. ఒక గంటలో తమ్ముడి కొడుకుని ఎత్తుకుంటాను, వచ్చే నెల మళ్ళీ వచ్చి ఎత్తుకుంటాను, ఆ పై నెల వాడే "అత్తా" అని పిలుస్తాడు. అలా కారు ఇంకా కొనకముందే నేను దానిలో నాలుగుసార్లు పుట్టింటికి వెళ్ళి వచ్చేశాను.

చిల్లకల్లు దగ్గర పేటకి తిరగాలి. మా ఆయన "తిరగమాకు. తిన్నగా గరికపాడు దాకా పోనీ. లారీల మధ్య ఎట్టా దూరుద్దో చూద్దాం" అన్నారు. టైబాబుకి అంతకంటే ఏం కావాలి? ఒక లారీని ఎడమ నుంచి, ఇంకోదాన్ని కుడి నుంచి దాటాడు. కారు అటూ ఇటూ ఊయలలా ఊగింది. కాసేపటికి నాకు అనుమానం వచ్చింది, నాలిక చూపించమని ఈయన ఎందుకు అడగట్లేదా అని. తిరిగి చూశాను. ఆయన మొహం ఎండిన పత్తాకు రంగులోకి వచ్చింది. మీసాల చివర చెమట బొట్టు వేలాడుతోంది. కళ్ళు ఇంకా నా మొహం మీదే ఉన్నాయి గానీ నన్ను చూడటం లేదు.

"ఏవండీ?" అన్నాను. ఆయన చెయ్యి పైకెత్తారు. మాట్లాడించొద్దని, ఆగమని, అయిపోయిందని, అన్నీ కలిపి చెప్పే చెయ్యి. ఆ చెయ్యి నాకు తెలుసు. ఎన్ని బస్సుల్లో ఎంతమంది ముందు అలా ఎత్తానో. గబగబా రొంటిలో నిమ్మకాయ తీయబోతుంటే టైబాబు ఉత్సాహంగా, "ఇప్పుడు బ్రేకు చూడండి సార్!" అని ఒక్కసారి నొక్కాడు.

బ్రేకు మంచిదే. కారు ఆగింది. తొమ్మిది గారెలు ఆగలేదు.

సగం ఆయన కండువా మీద, సగం నా పట్టుచీర ఒళ్ళో. ఆ కుదుపుకి మా అత్తగారు లేచి, "ఏమైంది? వాసనేంటి? అయిందా? ఎవరికి?" అంటూ వెనక్కి తిరగడం మొదలుపెట్టారు. ఆవిడది భారీ మనిషి, తిరగడానికి కొంచెం టైము పట్టేది. ఆ కొంచెం టైములో నేను మా ఆయన మొహం చూశాను. పొగరుబోతు గిత్తలకి ముక్కుతాడు వేసిన మనిషి. కండువా నోటికి అడ్డం పెట్టుకుని, చిన్నపిల్లాడిలా, తల్లి తిరిగి చూసేలోగా ఎక్కడన్నా దాక్కుందామని చూస్తున్నాడు. అక్కడ చోటెక్కడిది? ఇక ఇంటికెళ్తే అరుగు మీద పదిమంది కాచుకుని ఉంటారు. సంతలో "ఎద్దుల్ని చూసే ఆయనే, కారెక్కి..." అని మొదలుపెడతారు. పేటలో బావమరుదులైతే జన్మంతా వదలరు. ఆ నవ్వు ఎలా ఉంటుందో నాకు తెలుసు, నేను పెళ్ళైన మూడోరోజు నుంచి తింటున్నాను. ఆయన ఒక్క పూట కూడా తట్టుకోలేరు. ఇంకో పక్కన కారు. ఆయన అని చెప్తే నాకు కారు వస్తుంది, నేను అని చెప్తే లారీ వస్తుంది. ఇంతా ఆలోచించానని ఇప్పుడు చెప్తున్నాను గానీ అప్పుడు ఆలోచించిందేమీ లేదు, నోట్లోంచి వచ్చేసింది.

"నేనే అత్తయ్యా."

చీర నాదే కాబట్టి సాక్ష్యం కూడా కుదిరింది. టైబాబుకి మాత్రం గుండె ఆగినంత పనైంది. అద్దంలో అన్నీ చూశాడు, నేను అలా అంటే తన కారు అమ్ముడుపోదు. "కాదమ్మగారూ, అది సార్..." అని మొదలుపెట్టాడు.

"మీరు రోడ్డు చూసుకోండి" అన్నాను. పరాయి మగవాడితో అంత గట్టిగా మాట్లాడటం నాకు అదే మొదలు.

గరికపాడులో లారీలవాళ్ళ హోటలు పక్కన ఒక బోరింగు ఉంటే అక్కడ దిగాం. ఆయన బోరింగు కొడుతుంటే నేను చీర కడుక్కున్నాను, నేను కొడుతుంటే ఆయన కండువా ఉతుక్కున్నారు. మా అత్తగారు కారులోనే కూర్చుని "నే చెప్పలా! నే చెప్పలా!" అని టైబాబుకి చెప్తున్నారు.

"ఎందుకట్టా చెప్పావ్?" అన్నారాయన, నా వైపు చూడకుండా.

"మీకు అలవాటు లేదు. నాకు అలవాటేగా."

"మరి కారు?"

"పోతే పోయిందిలెండి" అని మొహం మీద నీళ్ళు కొట్టుకున్నాను. బోరింగు నీళ్ళు కాబట్టి సరిపోయింది, ఏవి ఏ నీళ్ళో తెలియలేదు.

పేటలో మా ఇంటి ముందు కారు ఆగగానే మా అమ్మ, తమ్ముడు, మరదలు పరుగెత్తుకొచ్చారు. తడిచీరతో నేను దిగడం చూసి మా తమ్ముడు నడుం పట్టుకుని నవ్వాడు. "కార్లో కూడానా అక్కా! ఇక నీకు ఇమానం ఒక్కటే మిగిలింది!" మా మరదలు లోపలికెళ్ళి ఒకటి కాదు, నాలుగు నిమ్మకాయలు తెచ్చింది. ఇన్నాళ్ళూ నేను చూడాలని ఎదురుచూసిన మేనల్లుడు అడుగులు వేసుకుంటూ నా దగ్గరికొచ్చాడు. ఎత్తుకున్నాను. వాడు నా మొహం చూసి, నా చీర వాసన చూసి, రెండు వేళ్ళతో ముక్కు మూసుకున్నాడు. అదీ మా మొదటి పరిచయం. అయినా దించలేదు. మళ్ళీ ఎప్పటికో అని గట్టిగా ఎత్తుకున్నాను.

"బావా, ఇక లారీయేగా! మాటంటే మాటన్నావంట, అత్త చెప్తంది" అన్నాడు మా తమ్ముడు. మా అత్తగారు కుర్చీలో వెనక్కి వాలి, "దేవుడున్నాడు నాయనా" అన్నారు. మా ఆయన కాఫీ ముట్టుకోలేదు. కాసేపు నేల చూశారు, కాసేపు నన్నూ నా చంకలో పిల్లాడినీ చూశారు.

"కొత్త ఎద్దుని మొదటిసారి కాడికి కడితే పడుకుంటది. పడుకుందని అమ్మేస్తామా? నాలుగు రోజులు కట్టి అలవాటు చేస్తాం" అన్నారు. "వాంతి మనిషికయింది. బండి తప్పేముంది? కారే కొంటన్నా."

"మరి నువ్వన్న మాట?" మా అత్తగారు కుర్చీలో ముందుకొచ్చారు.

"తప్పా. అందరికీ చెప్పుకోండి."

ఆయన మాట తప్పడం మా అత్తగారు కన్నప్పటి నుంచి చూడలేదు, నేను కట్టుకున్నప్పటి నుంచి చూడలేదు. ఎద్దులాంటి పెళ్ళామని అన్నందుకు కోపం తెచ్చుకోవాలో, ఎందుకన్నారో తెలుసు కాబట్టి ఏడవాలో తెలియక నేను పిల్లాడి వీపు నిమురుతూ నిలబడ్డాను.

తర్వాత ఆయన టైబాబుని "ఇట్టా రా" అని పిలిచారు. ఎడ్ల సంతలో ధర నోటితో చెప్పరు. ఇద్దరి చేతుల మీదా కండువా కప్పి, దాని కింద వేళ్ళు పట్టి నొక్కుతారు. ఎన్ని వేళ్ళు, ఎన్నిసార్లు అన్నది వాళ్ళిద్దరికే తెలియాలి, చుట్టూ ఉన్నవాళ్ళకి తెలియకూడదు. మా ఆయన భుజం మీది తడి కండువా తీసి టైబాబు చేతి మీద కప్పి, కింద నుంచి చెయ్యి పట్టుకున్నారు. టైబాబు బెదిరిపోయి, "ధర ఫిక్సుడండీ సార్, కంపెనీ ధర, మా చేతిలో ఏం లేదు" అంటున్నాడు. ఆయన వదలలేదు, వేళ్ళు నొక్కారు. నొక్కి, టైబాబు కళ్ళలోకి చూసి, కారు వెనక సీటు వైపు చూసి, నా వైపు చూసి, మళ్ళీ నొక్కారు. టైబాబు మొహంలో భయం పోయి మెల్లగా ఏదో వెలిగింది. నన్ను చూసి తలవంచాడు. "అలాగే సార్. నా నోట్లోంచి... అలాగే సార్" అన్నాడు.

"ఎంత తగ్గించాడు బావా?" అన్నాడు మా తమ్ముడు.

"ఏమీ తగ్గలా."

"మరి ఇంతసేపు ఏం బేరం?"

"ఉందిలే ఒకటి" అన్నారాయన. కండువా భుజాన వేసుకుని, అప్పుడు కాఫీ తాగారు.

కారు వచ్చింది. రెండు వారాల్లో ఆయన డ్రైవింగు నేర్చుకున్నారు. చక్రం పట్టుకుంటే ఆయనకేమీ కాదు, ఇంకొకరు నడిపితేనే ఇబ్బంది. ఆ తర్వాత బతికున్నన్నాళ్ళూ ఎవరి కారులోనూ వెనక కూర్చోలేదు. పెళ్ళిళ్ళకి ఎవరైనా కారు పంపిస్తే, "డ్రైవర్ని పంపెయ్, నేను తోల్తా" అనేవారు. డ్రైవింగంటే ఆయనకి అంత పిచ్చి అనుకునేవాళ్ళు అందరూ. ప్రతి నెలా నన్ను పేట తీసుకెళ్ళారు. నా మేనల్లుడు ముక్కు మీద వేళ్ళు తీసి, "అత్తా" అని పిలిచి, నా కళ్ళ ముందే మీసాలవాడయ్యాడు. ఊళ్ళో వాళ్ళు మాత్రం, "పెళ్ళానికి వాంతులని తెలిసి కూడా విసుక్కోకుండా తిప్పుతున్నాడు, ఎంత ఓర్పు గల మనిషో" అని ఆయన్ని మెచ్చుకునేవాళ్ళు. బయల్దేరే ముందు ఆయన అందరికీ వినపడేలా "ఏమేవ్, నీ నిమ్మకాయ తీసుకున్నావా?" అని కేకేసి, దాన్ని అద్దం ముందు పెట్టేవారు. చిల్లకల్లు దాటాక ఎవరూ చూడకుండా తీసి ఒకసారి వాసన చూసుకుని మళ్ళీ పెట్టేవారు.

నేను కూడా తక్కువ తినలేదు. ఎప్పుడన్నా ఆయన నా మీద గొంతు లేపితే, నేను మెల్లగా "గరికపాడు బోరింగు నీళ్ళు ఎంత చల్లగా ఉండేవో కదండీ" అనేదాన్ని. అంతే, గొంతు దిగిపోయేది. ఆ బోరింగు పుణ్యమా అని మా ఇంట్లోకి ఒక మిక్సీ వచ్చింది, ఒక ఫ్యాను వచ్చింది. తిరుపతి రెండుసార్లు వెళ్ళొచ్చాం. రోజూ పడుకునే ముందు మాత్రం అడిగేవారు, "ఎవరికన్నా చెప్పావా?" అని. "చెప్పలేదండీ" అనేదాన్ని. అదే మాకు దణ్ణం పెట్టుకోవడంలాగా అయిపోయింది. ఆఖరికి ఆసుపత్రికి వెళ్ళే రోజు ఆయన వెనక సీట్లో పడుకోక తప్పలేదు. నిమ్మకాయ ముక్కు దగ్గర పెట్టి, తల కదలకుండా పట్టుకుని కూర్చున్నాను. ఆ రోజు ఆయనకేమీ కాలేదు, వాంతి సంగతి చెప్తున్నాను.

ఇదుగో అమ్మాయ్, ఒక మాట. చెప్పనని ఆయనకి మాటిచ్చాను. ఆ మాట నేను తప్పలేదు. నేను నాలో నేను అనుకుంటుంటే నువ్వే పక్కన కూర్చుని రాసుకున్నావు. రేపు పైకెళ్ళాక అడిగితే నీ పేరే చెప్తాను. ఇరవై నాలుగేళ్ళ పిల్ల, ఒక కారు కోసం మొక్కుకుని, ఆ కారు చేతికొచ్చే టైముకి నోరు జారి వదిలేసుకుంది. ఆ పిల్ల ఇప్పుడు నా ఎదురుగా వస్తే తిట్టాలో, బుగ్గ గిల్లాలో తెలియడం లేదు. ఇన్నేళ్ళకి ఒక కవరు ఇచ్చారని కోపం తెచ్చుకున్న ఈ ముసలిదాన్ని చూస్తే ఆ పిల్లకి మాత్రం నవ్వే వస్తుంది.

ఏదీ, రాసింది మొదట్నుంచి చదివి వినిపించు. వింటుంటే నవ్వొస్తే ఉన్నదున్నట్టు ఉంచేద్దాం. ఏడుపొస్తే మాత్రం, ఆ గారెలు ఆగని దగ్గర 'ఆయన' అని ఉన్నచోట కొట్టేసి 'నేను' అని రాసెయ్. నాకు అలవాటేగా. ఊఁ, చదువు. మరీ గట్టిగా చదవమాకు.